ఆ చేపలు ఎలా పోయాయి?

ఏప్రిల్ చివర్నుంచి జూన్ దాకా హైదరాబాద్‌లో ఇళ్లు ఖాళీ చేసేవాళ్లు ఎక్కువ. బదిలీలు, పిల్లలకు కొత్త బడులు, అద్దె గడువులు. మంచాలూ ఫ్రిజ్జూ లారీ ఎక్కుతాయి. చేపల తొట్టి ఎక్కదు. దాన్ని మోయడానికి కూలీలు ఒప్పుకోరు, ఒప్పుకున్నా దారిలో పగలదని ఎవరూ పూచీ పడరు. చివరికి అది వాచ్‌మన్ గది పక్కకో, మెట్ల కిందికో, పాత సామాన్ల కొట్టుకో చేరుతుంది. కొత్తదాని ధరలో సగానికి, పావుకి, ఒక్కోసారి ఊరికే కూడా దొరుకుతుంది. నేనూ పాతవే తెచ్చుకుంటాను. మందం అద్దంతో ఓపిగ్గా అతికించిన పాత తొట్టి, చవగ్గా కానిచ్చేసిన కొత్త తొట్టి కన్నా ఎంతో నయం.

బేరం ఆడే ముందు మాత్రం ఒక ప్రశ్న అడగాలి. ఇందులో చేపలు ఎలా పోయాయి?

అడగడానికి మొహమాటంగా ఉంటుంది. ఎదుటివాళ్లకి చెప్పడానికీ అంతే. అయినా అడగాలి, ఎందుకంటే ఆ జవాబును బట్టే తొట్టిని దేనితో కడగాలో తేలుతుంది. ‘ఊరెళ్తూ చేపల్ని మా బావమరిదికి ఇచ్చేశాం, హాయిగా ఉన్నాయి’ అంటే అంతకు మించిన మాట లేదు. ‘ఒంటి నిండా తెల్లచుక్కలు వచ్చి వారంలో అన్నీ పోయాయి’ అంటే అదొక దారి. ‘ఒక్కపూటలో అన్నీ తేలిపోయాయి’ అంటే నీళ్లలో విషం ఏదో పడింది, దోమల మందు కొట్టారా, పెయింటు వేశారా అని ఆరా తీయాలి. దోమల మందుల్లో వాడే పైరెత్రాయిడ్లు మనిషికి అంతగా తెలియవు గానీ చేపకి ప్రాణాంతకం. ‘నెలకొకటి చొప్పున పోతూ వచ్చాయి, చిక్కిపోయేవి, వెన్ను వంకర తిరిగేది, పుండ్లు మానేవి కావు’ అన్నారనుకోండి, నేను చేతులకు తొడుగులు వేసుకున్నాకే ఆ తొట్టిని ముట్టుకుంటాను. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఈ ప్రశ్నకు చాలామంది దగ్గర సిద్ధంగా ఉండే జవాబు వేరే. ‘మీకేం అక్కర్లేదండీ, సర్ఫ్ వేసి కడిగి పెట్టాం, చూడండి ఎలా మెరుస్తోందో!’ మంచి మనసుతో చెప్పే మాటే. కానీ నాకు గుండె గుభేలుమనేది అక్కడే. చేప ఒంటి మీద జిగురు పొర ఒకటి ఉంటుంది. రోగాల్ని అడ్డుకునే మొదటి గోడ అదే. సబ్బు, డిటర్జెంటు ఆ పొరను కరిగిస్తాయి. మొప్పల్లో ఒకటి రెండు కణాల మందాన ఉండే సున్నితమైన పొరని దెబ్బతీస్తాయి. మనం తినే పళ్లెంలో సబ్బు వాసన కాస్త మిగిలినా నీళ్లు తాగేసి ఊరుకుంటాం. చేప ఆ నీళ్లలోనే ఊపిరి తీసుకుంటుంది, దానికి తప్పించుకునే చోటు లేదు. పైగా అద్దాన్ని కడిగితే సబ్బు పోతుంది గానీ, మూలల్లో అద్దాల్ని పట్టి ఉంచే సిలికాన్ అంచుల్లో, దాని కింద సందుల్లో దాక్కుంటుంది.

సబ్బుతో కడిగిన తొట్టి చేతికొస్తే పారేయనక్కర్లేదు. నిండా నీళ్లు పోసి ఒక రాత్రి ఉంచి పారబోయడం, మళ్లీ పోయడం, మళ్లీ పారబోయడం. చివర్లో ఆ నీళ్లు ఒక సీసాలోకి తీసుకుని గిలక్కొట్టి చూస్తాను. నురగ నిలబడితే ఇంకా కడగాలి. నిలబడకపోయినా నేను ఇంకోసారి కడుగుతాను.

అసలు కడగడం కన్నా ముందు చేయాల్సిన పని కారుతుందో లేదో చూడటం. మూడు రోజులు చెమటోడ్చి తళతళలాడించాక మూల నుంచి నీళ్లు కారితే ఏం లాభం? రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న చిన్న తొట్టి కూడా 56 లీటర్ల పైచిలుకు నీళ్లు పడుతుంది. అంటే నీళ్ల బరువే 56 కిలోలు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తయితే 190 లీటర్లు. ఇంత బరువు అద్దాల్ని బయటికి నెడుతూ ఉంటుంది. అందుకే హాల్లో కాదు, బాల్కనీలోనో పార్కింగ్‌లోనో సమతలంగా ఉన్న చోట థర్మోకోల్ షీటు వేసి, దాని మీద తొట్టి పెట్టి, చుట్టూ పొడి న్యూస్‌పేపర్లు పరిచి నీళ్లు పోయాలి. ముందు మూడో వంతు. కాసేపు ఆగి సగం. ఆ తర్వాత నిండా. కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు అలా వదిలేయాలి. కంటికి కనిపించని చెమ్మ కాగితం మీద మచ్చగా తేలుతుంది. నీళ్లున్న తొట్టిని ఒక్క అంగుళం కూడా జరపకూడదు. ఖాళీ తొట్టి కూడా ఎత్తేటప్పుడు పై అంచు పట్టుకుని కాదు, అడుగు కింద చేతులు పెట్టి ఎత్తాలి.

సిలికాన్ దగ్గర కాసేపు ఆగాల్సిందే. గోటితో మెల్లగా నొక్కి చూడండి. రబ్బరులా తిరిగి లేస్తే బతికుంది. పెచ్చులుగా ఊడితే, అద్దానికీ దానికీ మధ్య తెల్లటి గాలి గీతలు కనిపిస్తే, దాని రోజులు అయిపోయాయి. పైపైన కొత్త సిలికాన్ పూస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. సరిపోదు. ఎండి గట్టిపడిన పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు. బ్లేడుతో పాతదంతా తీసి, అద్దం స్పిరిట్‌తో తుడిచి, కొత్తది వేయాలి. అదీ బాత్రూం సందులకు వాడే రకం కాదు. బూజు పట్టకుండా దాంట్లో కలిపే మందు చేపల్ని చంపుతుంది. అక్వేరియంకి పనికొస్తుందని ట్యూబు మీద రాసి ఉన్నదే కొనాలి. వేసిన కొత్తలో వెనిగర్ వాసన వస్తుంది, ఆ వాసన పూర్తిగా పోయేదాకా నీళ్లు పోయొద్దు. పెద్ద తొట్టికి అతుకులు ఊడుతుంటే మాత్రం సొంతంగా మొదలుపెట్టకండి. తొట్లు చేసే మనిషిని పిలవండి.

ఇక హైదరాబాద్ తొట్టి ఏదైనా సరే చూడగానే గుర్తుపట్టవచ్చు. నీటిమట్టం ఉన్న చోట అడ్డంగా చుట్టూ ఒక తెల్లటి పట్టీ ఉంటుంది. మా వైపు బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ. నీళ్లు ఆవిరవుతుంటే అది మాత్రం అద్దం మీదే నిలిచిపోతుంది. పళ్లకి పట్టినట్టే దీనికీ గార పడుతుంది. మా పై అంతస్తులో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు మొన్న ఒక పాత తొట్టి తెచ్చుకుని, ఉదయమంతా స్టీలు పీచుతో రుద్ది, విసిగిపోయి కిందికి వచ్చాడు.

‘‘అంకుల్, ఈ తెల్లచార చావట్లేదు. బాత్రూం యాసిడ్ వేసేదా?’’

‘‘వద్దు నాన్నా. ఆ పీచు కూడా పక్కన పెట్టు, అద్దం మీద గీతలు పడతాయి. వంటింట్లో వెనిగర్ ఉందేమో అమ్మనడుగు.’’

ఆ చార సున్నపురాయికి చుట్టం, కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలితే కరుగుతుంది. బాత్రూం యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కాబట్టి అదీ కరిగిస్తుంది, కానీ దాని పొగ ఊపిరితిత్తులకి, చుక్కలు కళ్లకి ప్రమాదం. చారెడు గార కోసం అంత సాహసం అనవసరం. వెనిగర్‌లో ఉండేది సుమారు 5 శాతం ఎసిటిక్ ఆమ్లమే అయినా, దానికి తగిన సమయం ఇస్తే ఆ పనే చేస్తుంది. చిక్కేమిటంటే నిలువు అద్దం మీద పోస్తే జారిపోతుంది. అందుకని తొట్టిని పక్కకి ఒరిగించి, గార ఉన్న అద్దం కింద ఉండేలా పడుకోబెట్టాం. టిష్యూ కాగితాలు వెనిగర్‌లో ముంచి ఆ చార పొడవునా పరిచాం. ఆరిపోకుండా పైన పల్చటి ప్లాస్టిక్ కవరు కప్పాం. కాసేపటికి కాగితం కింద సన్నటి బుడగలు లేవడం మొదలైంది. చెవి దగ్గరగా పెడితే చిన్నగా చిటపటలు. కార్బొనేట్‌లోంచి కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోతోందన్నమాట. అరగంటకి కాగితం తీస్తే, రాయిలా ఉన్న గార తడిసిన సుద్దలా మెత్తబడింది. అద్దం తడిగా ఉండగానే కొత్త బ్లేడు ఏటవాలుగా పెట్టి నెడితే పొడవాటి పెచ్చులై లేచి వచ్చింది. మూలలకు రెండు వేళ్ల దూరంలో బ్లేడు ఆపేయాలి. సిలికాన్‌కి ఒక్క గాటు పడినా కారడానికి అదే దారి. అక్కడ పాత టూత్‌బ్రష్షే ఆయుధం. మొండి చోట్ల ఇంకోసారి కాగితం వేశాం. మిగిలిన పాచికి, జిడ్డుకి కల్లుప్పు తడిగుడ్డ మీద వేసుకుని రుద్దితే చాలు. కడిగితే ఉప్పు మొత్తం కరిగిపోతుంది, ఏమీ మిగలదు. వెనిగర్ లేని ఇంట్లో నిమ్మ ఉప్పు నీళ్లలో కలుపుకున్నా అంతే. యాక్రిలిక్ తొట్టికి మాత్రం బ్లేడు, ఉప్పు రెండూ వద్దు, మెత్తటి గుడ్డతో సరిపెట్టుకోవాలి.

ఇప్పుడు తొట్టి కంటికి శుభ్రం. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కానీ కనిపించే గార చేపని ఏమీ చేయదు. చంపేవి కనిపించవు. అందుకే నేను మెరుపుని నమ్మను.

తెల్లచుక్కల రోగం సంగతి చూడండి. దాన్ని తెచ్చే పరాన్నజీవి చేప ఒంటి మీద పెరిగి, రాలి, అడుగున గులకరాళ్లకో అద్దానికో అంటుకుని గుల్ల కట్టుకుంటుంది. ఆ గుల్లలో వందల పిల్లలుగా చీలి మళ్లీ చేపల్ని వెతుక్కుంటూ ఈదుతుంది. భయపెట్టే కథే. కానీ దానికో పెద్ద బలహీనత ఉంది. తడి లేకపోతే చస్తుంది. పూర్తిగా ఎండిన తొట్టిలో అది బతకదు. మన రోహిణి కార్తె ఎండలో ఖాళీ తొట్టిని కొన్ని రోజులు బోర్లించకుండా పెడితే, దాని పీడ దాదాపు వదిలినట్టే. కాలిన అద్దం మీద చన్నీళ్లు మాత్రం పోయకండి, పగుళ్లిస్తుంది. వేణ్నీళ్లు కూడా మరిగేవి వద్దు.

ఎండకి లొంగనివాటికి బ్లీచ్. వాసనలు, రంగులు కలపని మామూలు బ్లీచ్ ఒక పాలుకి 20 పాళ్లు నీళ్లు కలిపి, తొట్టి లోపలంతా తడిపి 10 నుంచి 15 నిమిషాలు ఉంచితే చాలు. ఇంట్లో బ్లీచింగ్ పౌడరే ఉంటే బకెట్లో కొద్దిగా కలిపి, అడుగున ముద్ద దిగాక పైన తేరిన నీళ్లు మాత్రమే వాడాలి. గార, పాచి ముందే పోయి ఉండాలి, లేకపోతే బ్లీచ్ బలమంతా ఆ మురికితోనే సరిపోతుంది. ఇంకో మాట మరీ గట్టిగా చెప్పాలి. వెనిగర్, బ్లీచ్ రెండూ కలవకూడదు. ఏ ఆమ్లం తగిలినా బ్లీచ్ నుంచి క్లోరిన్ వాయువు లేస్తుంది. మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. ‘రెండూ మంచివే కదా, కలిపితే ఇంకా మంచిది’ అనుకునే అలవాటు మన ఇళ్లలో ఉంది, అందుకే భయం. వెనిగర్ పని ఒక రోజు చేసి, బాగా కడిగి, బ్లీచ్ పని మర్నాడు పెట్టుకోండి. ఆరుబయట పెట్టుకోండి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

బ్లీచ్ తర్వాత మూడు నాలుగుసార్లు మంచినీళ్లతో కడిగి, చివరి నీళ్లలో షాపుల్లో యాంటీ క్లోరిన్ అని అమ్మే చుక్కలు కాస్త ఎక్కువే వేసి కాసేపు ఉంచాలి. అందులో ఉండేది సోడియం థయోసల్ఫేట్, క్లోరిన్‌ని అక్కడికక్కడే విరిచేస్తుంది. ఆపైన ఎండలో ఆరబెట్టాలి. ముక్కు దగ్గర పెట్టినా వాసన రాకూడదు. సబ్బుని వద్దని బ్లీచ్‌ని ఎలా ఒప్పుకుంటున్నానని కొందరు అడుగుతారు. బ్లీచ్‌కి విరుగుడు ఉంది, ఎండకి విరిగిపోతుంది, పని అయ్యాక ఉప్పు తప్ప చెప్పుకోదగ్గదేమీ మిగలదు. సబ్బుకి ఆ విరుగుడు లేదు.

చేతి తొడుగుల సంగతి చెబుతానన్నాను. చేపలు చిక్కి, వెన్ను వంకరపోయి, పుండ్లతో చనిపోతే అనుమానించాల్సింది చేపల క్షయ. దానికి కారణమయ్యే బాక్టీరియాల్లో మైకోబాక్టీరియం మారినం ఒకటి. అమెరికాలో ఫిలడెల్ఫియా అక్వేరియంలో చనిపోయిన చేపల నుంచి జోసెఫ్ ఆరన్సన్ అనే శాస్త్రవేత్త 1926లో దాన్ని మొదటిసారి వేరుచేశాడు. మన క్షయ బాక్టీరియాకి దాయాది. చేతి మీద చిన్న గాటు ఉండి, ఆ తొట్టి నీళ్లు తగిలితే మనిషికీ అంటుతుంది. రెండు మూడు వారాలకి వేలి మీదో మణికట్టు దగ్గరో ఎర్రటి గడ్డ లేస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, మామూలు మందులకి తగ్గదు, మెల్లగా చేయి పైకి పాకుతుంది. ఇలాంటిది వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లి ‘మా ఇంట్లో చేపల తొట్టి ఉంది’ అని మీ అంతట మీరే చెప్పాలి. ఆయన అడగకపోవచ్చు. ఆ ఒక్క మాట నెలల తిప్పలు తప్పిస్తుంది. ఈ బాక్టీరియా చుట్టూ మైనం లాంటి గోడ ఉంటుంది, అందుకే బ్లీచ్‌కి తేలిగ్గా లొంగదు. బాగా రుద్ది కడిగాక 70 శాతం స్పిరిట్‌తో లోపలంతా తుడిచి, కొన్ని నిమిషాలు తడిగా ఉండనివ్వాలి. పొయ్యి, అగరుబత్తి దగ్గర్లో ఉండకూడదు. షుగరు అదుపులో లేనివాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గే మందులు వాడేవాళ్లు ఈ పని ఇంకొకరికి అప్పగించడం మంచిది. నన్నడిగితే ఇలాంటి చరిత్ర ఉన్న తొట్టిని అసలు తెచ్చుకోవద్దంటాను.

తెచ్చుకోకూడనివి ఇంకా ఉన్నాయి. పెయింటు, పురుగుమందు, కిరోసిన్ లాంటివి నిలవ చేసిన తొట్టి ఎంత చవకైనా చేపలకి వద్దు. మొక్కలు పెట్టుకోండి. సిలికాన్ నీలంగా మారి ఉంటే మెథిలీన్ బ్లూ వాడినట్టు, అంటే ఒకప్పుడు రోగం వచ్చినట్టు గుర్తు. ఆ రంగు వల్ల హాని లేదు గానీ ప్రశ్నలు అడగాల్సిన తొట్టి అది. రాగి కలిసిన మందు వాడారని తెలిస్తే రొయ్యలు, నత్తలు అందులో పెంచాలన్న ఆలోచన మానుకోండి. మనుషులకి లెక్కలోకి రాని పాటి రాగికే అవి చచ్చిపోతాయి.

తొట్టితో పాటు ఊరికే వచ్చే సామాన్ల మీద నాకు మోజు లేదు. పాత గ్రావెల్ పారేస్తాను, కిలో గులకరాళ్లు కొత్తవి ఎంత పెడితే వస్తాయి? స్పాంజి కూడా అంతే. పెద్ద రాళ్లని పొయ్యి మీద ఉడకబెట్టకండి, లోపల చిక్కిన తేమకి పేలవచ్చు. సముద్రపు చేపల తొట్టి నుంచి వచ్చిన రాళ్లయితే మరీ ప్రమాదం. వాటిమీద పెరిగే జోయాంథిడ్ అనే పగడాల జాతి జీవుల్లో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. ఉడకబెడితే ఆవిరితో పాటు అది ఇంటిల్లిపాదికీ ఎక్కుతుంది. ఇతర దేశాల్లో కుటుంబాలు ఆస్పత్రుల పాలైన సంఘటనలున్నాయి. పంపు, హీటరు వైర్లని వేలితో పొడవునా తడిమి చూడాలి, ఎక్కడ పగిలినా వాడకూడదు. హీటరు గాజు మీద వెంట్రుకంత గీత ఉన్నా అంతే.

పారబోసే దగ్గర ఒక్క మాట. ఆ తొట్టిలో మిగిలిన నాచు, నత్తలు, కొనప్రాణంతో ఉన్న సక్కర్ ఫిష్... ఏదీ చెరువులోనో కాలువలోనో వదలకండి. మన చేపల రైతులు దెయ్యపు చేప అని తిట్టుకునేది ఆ సక్కరే. దక్షిణ అమెరికా నుంచి అద్దాల తొట్లలోకి, అక్కడి నుంచి మన చెరువుల్లోకి వచ్చింది. దాని గట్టి ముళ్లకి రైతుల వలలు చిరుగుతున్నాయి. జాలిపడి వదిలేశామనుకునేవాళ్లకి ఆ వలల ఖరీదు తెలియదు. నాచు, నత్తలు బాగా ఎండబెట్టి చెత్తలో వేయాలి. చేప బతికుంటే పెంచేవాళ్లకి ఇవ్వాలి.

ఇంత కడిగాక తొట్టిలో చెడ్డ ప్రాణులతో పాటు మంచివీ పోయాయి. చేప వదిలే అమోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా మళ్లీ స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీళ్లు పోసిన సాయంత్రమే డజను చేపలు వేస్తే అవి తమ అమోనియాలోనే చనిపోతాయి. అప్పుడు అందరూ నింద వేసేది పాత తొట్టి మీద. మా పై అంతస్తు కుర్రాడికి నా తొట్టిలో ఏళ్లుగా తిరుగుతున్న స్పాంజి సగం కోసి ఇచ్చాను, చేపలు లేకపోయినా ఆ బాక్టీరియా కోసం రోజూ చిటికెడు మేత వేయమన్నాను, టెస్ట్ కిట్‌లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా షాపు వైపు వెళ్లొద్దన్నాను. పాపం, ఓపిక పట్టాడు. పోయిన ఆదివారం నాలుగు గప్పీలు తెచ్చుకున్నాడు. సంచీని తొట్టి నీళ్లలో పావుగంట తేలనిచ్చి, మూతి విప్పి అలాగే గుమ్మరించబోతుంటే ఆపాను. అన్ని రోజులు కష్టపడి వదిలించుకున్న రోగం ఆ షాపు నీళ్లతో మళ్లీ లోపలికి రావచ్చు. చేపల్ని వలతో పట్టి తొట్టిలో వేయించి, సంచీలో నీళ్లు సింకులో పోయించాను.